తలకాయ కోసినోళ్లది

ఈ సంగతి ఇంతకుముందు రాయకపోవడానికి కారణం, నాకు రాయడం రాకపోవడమే. చిన్నప్పుడు మా ఊరి బడి గెడ్డకు అవతల ఉండేది. వానల్లో గెడ్డ పొంగితే మాస్టారు ఇటు రాలేడు, మేం అటు పోలేం. గెడ్డ తగ్గేసరికి కొండమీద సామ చేను కంకి వేసేది. చిలకలు తోలడానికి ఇంటికో గుంటను, అంటే చిన్నపిల్లను, మంచె ఎక్కించేవారు. మా ఇంట్లో ఆ గుంట నేనే. చేలు కోసేనాటికి పలకలు పట్టిన పిల్లలు చదువులో ఎక్కడికో వెళ్లిపోయేవారు, నేను మళ్లీ మొదట్లోనే ఉండేదాన్ని. కొన్నేళ్లకు ఆ మొదలు కూడా పోయింది. యాభై దాటాక, ఉద్యోగంలో ఉండగా అక్షరాలు మొదలుపెట్టాను. ఉద్యోగం నుంచి దిగాక ఒత్తులు కూడా పట్టుబడ్డాయి. చేపల పేగులతో మొక్కల మందు ఎలా చేశారమ్మా అని అడిగేవాళ్లకు ఇన్నాళ్లూ నోటితో చెప్పాను. ఇప్పుడు రాస్తున్నాను.

నన్ను ట్యాంక్ ఆపరేటర్‌గా వేసింది ఒక మాఘమాసంలో, ముంచింగిపుట్టులో కొత్తగా పెట్టిన చేపల వ్యర్థాల యూనిట్‌లో. కాగితం మీద వేలిముద్ర వేసి నీలం కోటు తీసుకున్నాను. అంతకుముందు అదే ఊళ్లో సంతలో చేపల వరస తుడిచేదాన్ని. జలాశయం నుంచి వచ్చే బొచ్చెలు, రాగండ్లు, జెల్లలు అక్కడ కోసి అమ్ముతారు. సంత విడిచాక పేగులు, పొలుసులు, తోకలు, రెక్కలు తట్టకెత్తి గెడ్డ ఒడ్డున పారబోయడం నా పని. నేను తట్ట ఎత్తితే చాలు, కుక్కలు వరసకట్టి వెంట వచ్చేవి. పెళ్లి ఊరేగింపులో ముందు నడుస్తున్నట్టు ఉండేది. ఆ నీళ్లు తాగే కింది ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి గొడవ పెట్టగా పెట్టగా, పారబోసేదాన్నే పనికొచ్చేలా చేద్దామని ఈ యూనిట్ వచ్చింది.

యూనిట్ అంటే సంత పక్కన ఒక రేకుల షెడ్డు. అందులో ఖీమా కొట్టే మిషను, రెండు పొరల స్టీలు ట్యాంకు, వడపోత గుడ్డలు, డ్రమ్ములు. ట్యాంకు రెండు పొరల మధ్య నీళ్లుంటాయి. కింద కట్టెల పొయ్యి. మంట నేరుగా సరుక్కి తగలదు, వేడి నీళ్ల ద్వారా నెమ్మదిగా అందుతుంది. ఉద్యోగాల వరస కూడా చెప్పాలి. అందరికన్నా పైన టెక్నికల్ ఆఫీసరు శారద మేడమ్. కోస్తా నుంచి వచ్చింది, నా కూతురి వయసు. ఆమె కింద ఆపరేటర్ని నేను: మంట, వేడి, కలపడం నా బాధ్యత. నా కింద ఇద్దరు హెల్పర్లు: బకెట్లు తేవడం, మిషన్‌లో వేయడం వాళ్ల పని. నన్నే ఆపరేటర్‌గా ఎందుకు వేశారని అడిగితే, ఈ వాసనలో అన్నం తినగలిగేది నువ్వొక్కదానివే దొయిమతమ్మా అంది మేడమ్. మంచి అర్హతే.

ఎంజైమ్ అంటే ఏమిటో మొదటిరోజే ఆమె నాకు చెప్పింది. నా మెడలో పూసల దండ ఉంది. చేప మాంసంలో ఉండే ప్రోటీను ఇలాంటి దండే, పూస పక్కన పూస గుచ్చి ఉంటుంది అంది. ఇంత పొడుగు దండను మొక్క వేరు తాగలేదు. ఎంజైమ్ అనేది కంటికి కనపడని కత్తెర. పూసల మధ్య దారాన్ని మాత్రమే కత్తిరిస్తుంది. పూసలు విడిపోయి నీళ్లలో కలుస్తాయి. ఆ నీళ్లు వడగట్టి, పలచన చేసి కాఫీ మొక్కలకు, కూరగాయలకు కొట్టొచ్చు. కత్తిరించినందువల్ల కత్తెర అరిగిపోదు, అందుకే చారెడు పొడి ఒక ట్యాంకుకు సరిపోతుంది. కానీ దాన్ని ఆపాలంటే బాగా మరగబెట్టాలి. ఆ వేడికి కత్తెర వంగిపోతుంది, ఇక కోయలేదు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అన్నేళ్లు తట్టలకెత్తి పారబోసినదంతా పూసలేనా అని.

పని వరస ఇది. బకెట్లలో వచ్చిన వ్యర్థాన్ని మిషన్‌లో వేసి ముద్ద చేస్తాం. ముద్ద ఎంత ఉంటే అన్ని నీళ్లు పోస్తాం. రంగు కాగితం ముంచి పులుపు చూస్తాం. కాగితం డబ్బా మీది ఆకుపచ్చతో కలిస్తే సరి. దానికి చదువు అక్కర్లేదు, కళ్లుంటే చాలు. థర్మామీటర్ గుండ్రంగా గడియారంలా ఉండేది. దాని అద్దం మీద మేడమ్ తన గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెట్టింది: ముల్లు అక్కడ ఉన్నంతసేపు ఎంజైమ్ హాయిగా పని చేస్తుంది. ఇంకా పైన నల్ల చుక్క: అక్కడికి తీసుకెళితే ఆగిపోతుంది. పొద్దున పొడి కలిపితే సాయంత్రం దాకా ఎర్ర చుక్క దగ్గర ఉంచాలి, తర్వాత మంట పెంచి నల్ల చుక్కకు చేర్చాలి, వడగట్టాలి. కోస్తాలో రొయ్యలు, చేపలు శుద్ధి చేసే చోట ఎన్నోసార్లు చేసి చూసి రాసిన పద్ధతి అది. పొడికి మా హెల్పర్లు కొరుకుడు పిండి అని పేరు పెట్టారు.

మొదటి ట్యాంకు సంతరోజే పెట్టాం. ఆ రోజే వ్యర్థం ఎక్కువ వస్తుంది. అంతా కాగితంలో ఉన్నట్టే చేశాం. సాయంత్రం మంట పెంచబోయే ముందు మూత తీశాం. ఆ కంపు గురించి ఎక్కువ రాయను. సంతకు ఎద్దును అమ్మడానికి తెచ్చినాయన ఒకడు, అది బెదిరి తాడు తెంపుకుంటే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. షెడ్డుకు ఎదురుగా కిరాణా కొట్టు సత్తిబాబు గారు తుండుగుడ్డ ముక్కుకు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏటమ్మా ఇది? కొండలో చచ్చిన ఏనుగునేటైనా ఉడకబెట్టేరా? బెల్లానికొచ్చినోళ్లు అగ్గిపెట్టి కూడా కొనకుండా పారిపోతన్నారు!”

మైదానం నుంచి వచ్చి స్థిరపడిన వ్యాపారి ఆయన. మాట కటువే గానీ ఆ రోజు ఆయనదేమీ తప్పు కాదు. ఫిర్యాదు మండల అధికారి దాకా వెళ్లింది. ఆయన వచ్చి, ట్యాంకు చూసి, మూతి తిప్పుకుని చెప్పింది ఇది: వచ్చే సంతరోజు ఇంకొక్కసారి చేయండి. సాయంత్రం మూత తీసే వేళకు నేనే వస్తాను. కంపు కొట్టిందా, షెడ్డుకు తాళం. ట్యాంకు కోస్తాకు పోతుంది. మేడమ్ ట్యాంకుతో పాటు పోతుంది. నేను ఎక్కడికి పోతానో ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు. సంత చీపురు ఇంకా షెడ్డు మూలనే ఉంది.

మేడమ్ పాడైన సరుకు సీసాలో పట్టుకుని పరీక్షకు కొండ దిగింది. అక్కడి ల్యాబ్‌లో తేలింది ఒకటే: సరుకు అతిగా అరిగిపోయింది. కత్తిరించాల్సినదంతా ఎప్పుడో అయిపోయాక కూడా వెచ్చగా నానుతూ ఉండిపోయింది. మాఘం చలికి సాయంత్రానికి ట్యాంకు పైపైన చల్లబడింది. కుళ్లబెట్టే, కంటికి కనపడని పురుగు అక్కడ చేరింది. అంత తొందరగా ఎలా అరిగిందో మాత్రం అక్కడ ఎవరికీ తెలియలేదు. పొడి ఎక్కువ వేశావా అని నన్ను ఫోన్‌లో అడిగింది. లేదు మేడమ్, మీరిచ్చిన గిన్నెతోనే అన్నాను. వేడి ఎక్కువైందా? ముల్లు ఎర్ర చుక్క దాటలేదు.

రెండో సంతరోజు వచ్చింది. మేడమ్ అధికారి జీపులోనే పాడేరు మీదుగా వస్తోంది, సాయంత్రానికి గానీ చేరదు. పొద్దున పని నేనే మొదలుపెట్టాలి. మంచు ఇంకా విడలేదు. చేపల వరసలో కోతవాళ్లు అప్పటికే కత్తిపీటలు వేసుకుని కూర్చున్నారు. హెల్పర్లు బకెట్లు తెచ్చారు, ముద్ద చేశాం, నీళ్లు పోశాం, రంగు కాగితం ఆకుపచ్చకు వచ్చింది. ముల్లు ఎర్ర చుక్క మీదికి రాగానే కొరుకుడు పిండి వేశాను. ఈసారి మేడమ్ ఒక్క మాట చెప్పింది: మాటిమాటికీ మూత తీసి చూడు, చూసింది చూసినట్టు నాకు చెప్పు.

ఆ మాటే నా ఉద్యోగంలో నేను అందుకున్న అన్నిటికన్నా మంచి ఆర్డరు. మొదటిసారి మేం మూత వేసి నమ్మకంగా కూర్చున్నాం. ఈసారి చూశాను. చూస్తుంటే నా కళ్ల ముందే మారింది! మొదట మడ్డిగా, రాగి సంకటిలా ఉంది. కలిపే తెడ్డు బరువుగా తిరిగింది. కాసేపటికి తెడ్డు తేలికైంది. ముద్ద జావైంది. జావ అంబలైంది. ముక్కలు కంటి ముందే కరిగిపోతున్నాయి. పైన నూనె బంగారు బొట్లుగా తేలింది. ఎవరూ నమలడం లేదు, ఎవరూ రుబ్బడం లేదు, మంట కూడా అంతంతే. అయినా అరుగుతోంది. రండి, చూడండి అని హెల్పర్లను ఒకటే కేకలేశాను. ఎండ సంతలోకి పూర్తిగా దిగకముందే ట్యాంకులో గంజి తేట తప్ప ఏమీ లేదు. తెడ్డుకు పొలుసు మాత్రం తగులుతోంది.

షెడ్డు వెనక రాతి మెట్ల మీద మాత్రమే సిగ్నల్ అందేది. అక్కడ నిలబడి ఫోన్ కొట్టాను.

“మేడమ్, అయిపోయింది.”

“ఏమైపోయింది? పోయిందా?”

“పోలేదు మేడమ్. అరిగిపోయింది. గంజిలాగుంది. వాసన బాగానే ఉంది.”

“అప్పుడేనా? కాదు కాదు, సరిగా చూడు. తలలు చూడు. తలలు అంత తొందరగా కరగవు. తెడ్డుకు తల ఎముకలు తగలాలి కదా.”

“తలలేటి మేడమ్?”

“చేప తలలు, దొయిమతమ్మా.”

“బకెట్లల్లో తలకాయలెందుకుంటాయి మేడమ్?”

మేడమ్ మెల్లిగా అడిగింది: ఒక్క తల కూడా రాదా? ఎప్పుడూ రాలేదా?

చేపల వరస మెట్ల కిందే. అందరికన్నా ముందు కూర్చునేది మా తమ్ముడి పెళ్లాం బుద్రి. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే కిందికి కేకేశాను.

“బుద్రీ! మేడమ్ అడుగుతున్నారు. చేప తలలు మాకెందుకివ్వరు?”

బుద్రి కత్తిపీట మీంచి తల ఎత్తలేదు. “కోత కూలి కదేటి ఒదినా! తలకాయ కోసినోళ్లది. తలకాయలు మీ ట్యాంకుకిచ్చీసి మేమింటికెళ్లి పొలుసులు సప్పరించుకోవాలా? అడిగినామె ఎవరట? పెళ్లయిందా ఆమెకి?”

వరసంతా నవ్వింది. ఫోన్‌లో మేడమ్ కూడా నవ్వింది. ఆ నవ్వు ఆగాక ఒక్క గుక్కలో చెప్పింది. కోస్తాలో చేప శుద్ధి చేస్తే వచ్చే వ్యర్థంలో సగం పైగా తలలు, వెన్నెముకలే. పద్ధతి వాటి లెక్కన రాసింది. మా బకెట్లలో అవి లేవు, దాదాపు అంతా పేగులే. చేప తిన్నది అరిగించుకోవడానికి దాని పేగుల్లో సొంత ఎంజైమ్ ఉంటుంది. అంటే మా ట్యాంకులో కత్తెర ఒకటి కాదు, రెండు. ఒకటి మేం వేసిన పొడి, రెండోది చేప తనతో తెచ్చుకున్నది. కోయాల్సిన గట్టి సరుకేమో లేదు. మొదటి ట్యాంకు నాడు ఆమె షెడ్డుకు వచ్చేసరికి ముద్దే చూసింది, బకెట్ చూడలేదు. నేను రెండుసార్లూ బకెట్ చూశాను, కానీ చేపకు తల రావాలని నాకు ఎవరూ చెప్పలేదు. మా సంతలో తలకాయ కోసినోళ్లదే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అంతే. సూర్యుడు తూర్పున వచ్చాడు మేడమ్ అని ఎవరైనా ఫోన్ చేసి చెబుతారా?

“సాయంత్రం దాకా ఆగొద్దు,” అంది మేడమ్. “ఇప్పుడే మంట పెంచు. ఎంత బేగి నల్ల చుక్కకు తెస్తే అంత మంచిది.” బేగి అనే మాట ఆమె నా దగ్గరే నేర్చుకుంది.

మంట పెంచడం చెప్పినంత తేలిక కాలేదు. పెద్ద మంటకు కట్టెలు సాయంత్రానికని పెట్టుకున్నాం. అవి మంచుకు తడిసి పొయ్యి పక్కన ఆరుతున్నాయి. పొయ్యిలో పెడితే పొగే వచ్చింది. ముల్లు ఎర్ర చుక్క దాటి కొంచెం కదిలి అక్కడే నిలబడింది. ఇప్పుడది అన్నిటికన్నా చెడ్డ చోటు: కత్తెర ఆగదు, కోయడానికేమీ మిగల్లేదు. హెల్పర్లు ఊదుతున్నారు, దగ్గుతున్నారు. పొగ చూసి సత్తిబాబు గారు రోడ్డు దాటి వచ్చాడు.

“మళ్లీ కంపేనా ఏటి?”

“మంట బేగి అందుకోకపోతే కంపే బాబూ,” అన్నాను. దాచి లాభం లేదు.

ఆయన పొయ్యి వైపు, ట్యాంకు వైపు, తన కొట్టు వైపు చూశాడు. ఆ రోజు సంత నిండుగా ఉంది. గిరాకీ గుమ్మం దాకా ఉంది. లోపలికి పరుగెత్తి, టమాటా చెక్క పెట్టెలు రెండు చంకల్లో పెట్టుకుని వచ్చాడు. వాటిని కాలితో తొక్కి విరిచాడు. “ఎండిన సెక్కలమ్మా ఇవి. కావాలంటే ఇంకా ఉన్నాయి. కంపు రాదంటే నా కొట్టు తలుపులు కూడా పీక్కెళ్లండి!” అన్నాడు. బుద్రి కత్తిపీట వదిలి, చేట పట్టుకుని వచ్చి విసిరింది. చేపల చేతులతోనే. పొయ్యి ఒక్కసారి గుప్పున అందుకుంది. చెక్కలు పటపటలాడాయి. పొరల మధ్య నీళ్లు కూత పెట్టాయి. నేను తెడ్డు తిప్పుతూ ముల్లు తప్ప ఇంకేదీ చూడలేదు. సత్తిబాబు గారు నా భుజం మీంచి తొంగిచూస్తూ, ముల్లు కదిలినప్పుడల్లా, “వస్తంది, వస్తంది, లాగించండి!” అని పడవ తోసేవాడిలా అరిచాడు. ముల్లు నల్ల చుక్క మీదికి ఎక్కింది. ఇంకాసేపు అక్కడే నిలబెట్టి మంట లాగేశాం.

అప్పుడు మూత తీసి, గుడ్డ కట్టి వడగట్టాం. కాఫీ డికాక్షన్ రంగులో, తేటగా, ధారగా డ్రమ్ములోకి దిగింది. పైన నూనె వేరే పాత్రలోకి తీశాం. గుడ్డలో పొలుసులు, చేప ముళ్ల ముక్కలు మాత్రం మిగిలాయి. నేను పారబోసిన తట్టల్లో ఇది ఉండేదా అని ఆ ధారను అలా చూస్తూ ఉండిపోయాను. నవ్వు ఆగలేదు. నేను ఎందుకు నవ్వుతున్నానో తెలియక హెల్పర్లు నవ్వారు.

అనుకున్న వేళకే జీపు వచ్చింది. వెనక సీటు మీద కొత్త తాళం, గొలుసు ఉన్నాయి. కాగితం కట్టు కూడా విప్పలేదు. అధికారి జేబురుమాలు ముందే ముక్కు దగ్గర పెట్టుకుని దిగాడు. షెడ్డులోకి వచ్చి, ఆగి, రుమాలు కొంచెం దించాడు. తర్వాత పూర్తిగా దించాడు. ఫిర్యాదు చేసినాయన ఎవరని అడిగాడు. సత్తిబాబు గారు మసి మొహంతో, చొక్కాకు చెక్క పేళ్లతో ముందుకొచ్చాడు.

“వాసన రాలేదని నేననను సార్. వచ్చింది. ఉన్నమాట సెప్పాల.” అధికారి రుమాలు మళ్లీ పైకెత్తాడు. “కానీ ఎండుచేపల పులుసు వాసన సార్. పొద్దుట్నించీ ఆకలేస్తంది.”

అధికారి డ్రమ్ములో గరిటె ముంచి, ఎత్తి, ధార చూశాడు. పని కొనసాగించండి, ప్రతి సంతరోజు నాకు వివరం పంపండి అన్నాడు. తాళం ఏం చేయమంటారని డ్రైవరు అడిగాడు. మేడమే జవాబిచ్చింది: ఇక్కడ వదిలెయ్, పొడి బీరువాకు వేసుకుంటాం. అలా ఆ తాళం మా యూనిట్ సామానైంది. నేను దిగిపోయేనాటికీ ఆ బీరువాకే ఉంది.

జీపు వెళ్లాక మేడమ్, నేను మెట్ల మీద కూర్చుని కొత్త పద్ధతి కట్టాం. మా వ్యర్థానికి పొడి తగ్గించాలి. వేళ పెట్టుకుని ఆపడం కాదు, తెడ్డు తేలికై నూనె తేలగానే ఆపాలి. కట్టెలు ముందురోజే ఆరబెట్టాలి. తలలు కూడా కొన్నైనా వస్తే మంచిదని, వాటి ఎముకల పిండి కూరగాయల మళ్లకు వేరుగా పనికొస్తుందని ఆమె అంది. అడిగి చూస్తానన్నాను.

ఆ తర్వాత ఎన్నో ట్యాంకులు దించాను, నా తర్వాత వచ్చినవాళ్లకు నేర్పాను. వాళ్లకు మొదట చెప్పింది ఇదే. పద్ధతి రాసినవాళ్లు ఏ బకెట్ చూసి రాశారో తెలుసుకోవాలి, మన బకెట్‌లో ఏముందో వాళ్లకు చెప్పాలి. మనకు బాగా అలవాటైన సంగతిని మనం చెప్పం, ఎదుటివాళ్లు తమకు బాగా అలవాటైనదాన్ని అడగరు. సరుకు చెడిపోయేది ఆ రెండిటి మధ్యనే.

రెండో ట్యాంకు దించిన మర్నాడు పొద్దున్నే కోతవాళ్లకన్నా ముందు చేపల వరసకు వెళ్లాను. అప్పటికి నాకు అక్షరాలు రావు కాబట్టి బకెట్ల మీద బొగ్గుతో బొమ్మలు గీశాను: ఒకదాని మీద పేగు, ఒకదాని మీద పొలుసు, ఒకదాని మీద తోక. నాలుగో బకెట్ మీద కన్నూ నోరూ పెట్టి పెద్ద చేప తల వేసి, బుద్రి కూర్చునే చోట పెట్టాను. బుద్రి వచ్చింది. బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది, బాగుందని తలూపింది. బకెట్‌ను బోర్లించి, దానిమీద కూర్చుని, మొదటి చేప అందుకుంది.